పట్టణములలో పెరుగుచున్న మన పిల్లలయెడ పెద్దల విధి, చర్చిల విధి

(మన సంఘ వార్షిక మహాసభలో రెండవనాటి ఉపన్యాసము)



ఈ మహాసభయందు నాలుగు మాటలు చెప్పుటకు మాకు అవకాశమొసగిన కార్యనిర్వాహకవర్గమువారికి కృతజ్ఞతాపూర్వక వందనములు. విద్యావిషయమున ఏదేని మాట్లాడుడని వారు కోరిరి. మేము మాట్లాడబోవునది విద్యావిషయమే యైనను, అది మార్కులకు సంబంధించినది కాదు. మొదట తమ చేతులలోనున్న యీ సంచికను ఒక్కమారు తిరుగవేసి చూడ వేడుచున్నాము. పదవ తరగతియందును, ఇంటరు పరీక్షయందును మిక్కిలి మార్కులతో ఉత్తీర్ణులైన మన బాలబాలికల ఛాయాచిత్రములు వరుసగా అచ్చుపడి యున్నవి. అవి చూచుటకు కన్నులపండువుగా నున్నవి. ఆ పిల్లలను మేమును మనసార దీవించుచున్నాము. కాని మా ఉపన్యాసము ఈ పుటలలో బొమ్మ లేని పిల్లలను గూర్చినది. పదుమూడేండ్లు మొదలు పందొమ్మిదేండ్లవరకు గల ప్రాయమున, పట్టణపు బస్తీలలోను హాస్టళ్లలోను ఉండి, చదువులోనో మనస్సులోనో వెనుకబడి, ఎవరితోను చెప్పుకొనలేక యున్న మన బిడ్డలను గూర్చినది.

ఈ సందర్భమున మా తప్పొకటి ముందుగా మీ యెదుట ఒప్పుకొనవలసి యున్నది.

రెండేండ్ల క్రిందట ఇట్టి వేదికమీదనే మేము ఒక బాలునకు శాలువ కప్పితిమి. వాడు సికిందరాబాదు ప్రాంతమునందలి యొక బస్తీవాడు. తండ్రి ఒక అపార్టుమెంటునకు కావలివాడు. తల్లి నాలుగిండ్లలో పాచిపని చేయును. పదవ తరగతిలో వాడు మంచి మార్కులు తెచ్చుకొనెను. అయిదువేల రూపాయల చెక్కు వాని చేతికిచ్చి, ఛాయాచిత్రము తీయించి, గొప్పవాడవు కమ్మని దీవించితిమి. మీరందరును చప్పట్లు కొట్టిరి. అటుపిమ్మట మేము వానిని పూర్తిగా మరచితిమి.

ఈ యేడు సంచికకై పూర్వపు బహుమాన గ్రహీతల వివరములు సేకరించు పని మాపై పడినది. వాని ఫోను పలుకలేదు. వెదకుకొనుచు బస్తీకి పోయితిమి. ఇంటరు మొదటి సంవత్సరమున వానికి రెండు పరీక్షలు పోయినవనియు, ఆ సంగతి మూడువారములు ఇంటిలో దాచెననియు, కళాశాల మానివేసెననియు తల్లి చెప్పినది. పదునేడేండ్ల ఆ బాలుడు అన్న పేరిట నున్న ఖాతాతో, అన్న బండిమీద భోజనపు పొట్లములు ఇంటింటికి చేరవేయుచుండెను. రాత్రి పదునొకండు గంటలకు వాడు వచ్చువరకు మేము గడపలో కూర్చుంటిమి. వాడు మమ్ము చూచి శిరస్త్రాణము తీయకయే నిలిచి, "మార్కులడుగనీకె వచ్చిండ్రా సార్?" అనెను.

మాకు ఉత్తరము తోచలేదు. ఏలయన, ఆ ప్రశ్న తప్ప మరియొకటి మేము వానిని ఎన్నడును అడిగి యుండలేదు.

తరువాత మెల్లగా వాడే చెప్పెను. ఫలితములు వచ్చిననాటి రాత్రి వాడు ఇంటికి పోలేదట. హుసేను సాగరు గట్టున ఒంటరిగా కూర్చుండెనట. వాని తల్లి ఎల్లమ్మకు మ్రొక్కును. మేనమామ చర్చికి పోవును. వాడు మేనమామ వెంట పోయి చర్చిలో డోలకు వాయించుట నేర్చుకొన్నవాడు. ఆ రాత్రి పాటల అభ్యాసమునకు వాడు రాకపోగా, చర్చి కావలి కాయు ముసలితాత ఫోను చేసి, "ఏం రా, ఇంక రాలేదేంది? డోలక్ ఎవలు కొట్టాలె?" అని యడిగెనట. వాడు పలుకలేదు. తాత ఫోను పెట్టివేయలేదు. "యాడ ఉన్నవో చెప్పు, నేనే వస్త" అనెనట. ఆటో ఎక్కి వచ్చి, ఏమియు అడుగక, ఒక చాయ ఇప్పించి, ఇంటికి తోడ్కొని పోయెనట.

సోదరులారా! ఆ తాతకు చదువు రాదు. మన సంఘమున సభ్యత్వము లేదు. వేదికమీద కూర్చుండు యోగ్యత ఆయనకు కలదని మనకెవ్వరికిని తోచి యుండదు. కాని ఆ రాత్రి ఆ బిడ్డ రాలేదని గుర్తించిన మనుష్యుడు ఆయన యొక్కడే. మేము చెప్పదలచిన దంతయు దీనిలోనే యున్నది. కష్టముననున్న బిడ్డకు మొట్టమొదట కావలసినది, వాడు రానినాడు రాలేదని గుర్తించి, వెదకుకొని వచ్చు ఒక్క పెద్దమనిషి. తక్కినవన్నియు తరువాత.

పల్లెలో ఇట్టి పెద్దలు వేరుగ కావలసినవారు కారు. పిన్ని, బాబాయి, మేనత్త, ప్రక్కయింటి అవ్వ, బడి పంతులు, వీరందరి కన్ను పిల్లవానిమీద నుండెడిది. బడికి పోకున్న సాయంకాలములోగా ఊరెల్ల తెలిసెడిది. ఆ కన్ను కొన్నిమారులు బాధయు పెట్టెడిది. దానిని మేము కీర్తింపబోము. కాని పట్టణమునకు వచ్చినవెనుక ఆ కన్నులన్నియు ఒక్కమారే పోయినవి. తండ్రి తెల్లవారకమునుపే పనికి పోవును. తల్లి చీకటిపడిన తరువాత వచ్చును. అద్దె పెరిగిన బస్తీ మారుదురు. బస్తీ మారిన స్నేహితులు మారుదురు. ఇక హాస్టలులో నుండు పిల్లకు తెల్లవారుజాము మొదలు రాత్రివరకు చదువే. ఆదివారమునాడు ఇంటికి ఫోను చేసిన, మొదటి ప్రశ్న వారపు పరీక్షలో ఎన్ని వచ్చినవని. ఆ పిల్ల "బాగుగానే యున్నాను" అనును. మనము నమ్ముదుము. నమ్ముట మనకు సులువు గనుక.

ఇది మన యింటి యొక్క దుఃఖమే కాదు. జాతీయ నేర గణాంక సంస్థవారి లెక్కలనుబట్టి 2022వ సంవత్సరమున ఈ దేశమునందు 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణములు తామే తీసికొనిరి. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటరు ఫలితములు వెలువడిన పిమ్మట కొద్దిదినములలోనే ఇరువదిమందికి పైగా పిల్లలు అట్లే పోయిరి. ఆ ఫలితముల తయారీయందే పొరపాట్లు దొరలినవని ప్రభుత్వము నియమించిన విచారణవర్గము తరువాత తేల్చినది. 2023లో విశాఖపట్టణమున నీటు పరీక్షకు చదువుచు హాస్టలులో నుండిన పదునేడేండ్ల బాలిక మరణించినది. ఆమె తండ్రి న్యాయస్థానములకు తిరుగగా, 2025 జూలై 25వ తేదీన సుప్రీముకోర్టువారు దేశమందలి విద్యాసంస్థలన్నిటికి పదునైదు మార్గదర్శక సూత్రములు విధించిరి. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్నచోట అర్హతగల మానసిక సలహాదారు ఒక్కరైనను ఉండవలెననియు, మార్కులనుబట్టి పిల్లలను వేర్వేరు వర్గములుగా విడదీయరాదనియు, పదిమందిలో అవమానింపరాదనియు వానిలో కలదు. మన పిల్లలను చేర్చు కళాశాలయందు ఈ సూత్రములు అమలగుచున్నవా యని అడుగు హక్కు ప్రతి తండ్రికిని కలదు. ఫీజు ఎంత యని అడుగునపుడే దీనిని గూడ అడుగవలెను.

అయినను, న్యాయస్థానము సలహాదారును నియమింప గలదు గాని, రాత్రి ఫోను చేయు తాతను నియమింపజాలదు. అది మన పని.

ఒక్క పెద్దవలన అంత మేలు కలుగునా యని మీరు అడుగవచ్చును. దీనిని శ్రద్ధతో పరిశీలించినవారు కలరు. హవాయి ద్వీపములలో కవాయి యను చిన్న దీవి కలదు. అక్కడ 1955లో పుట్టిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నరు అను విదుషియు ఆమె సహచరులును దశాబ్దములతరబడి గమనించిరి. బీదరికము, కుటుంబకలహము, తల్లిదండ్రుల త్రాగుడు, జబ్బులు మొదలగు కష్టములు పెక్కు కలిసి చుట్టుముట్టిన పిల్లలలో సుమారు మూడింట ఒకవంతు చక్కని సమర్థులుగా పెరిగిరి. అట్టివారి జీవితములందు తరచుగా కనబడిన దేమనగా, తల్లియో తండ్రియో కాకున్నను, తాతయో, అత్తయో, ఉపాధ్యాయుడో, చర్చి పెద్దయో, వానిని విడువక పట్టుకొన్న మనుష్యుడొకడుండుట.

ఇక నగరబాలుర విషయమున మరియొక వృత్తాంతము కలదు. 1904లో న్యూయార్కు నగరపు బాలల న్యాయస్థానమున ఎర్నెస్టు కౌల్టరు అను గుమాస్తా యుండెను. దినదినము బోనెక్కుచున్న చిన్నవాండ్రను చూచి చూచి, ఆయన ఒక చర్చి పురుషుల సమాజమునకు పోయి, ఒక్కొక్కరు ఒక్కొక్క బాలునకు అన్నగా నుండుడని యడిగెను. దాదాపు నలువదిమంది చేతులెత్తిరి. ఆ చేతులనుండి పుట్టినదే 'పెద్దన్నలు' అను ఉద్యమము. అది నేటికిని నడచుచున్నది. 1995లో ప్రకటింపబడిన యొక పరిశోధనయందు, పదేండ్లు మొదలు పదునారేండ్లవరకు గల 959 మంది పిల్లలను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు వెంటనే అన్ననో అక్కనో చూపి, రెండవ వర్గమును వేచియుండుమనిరి. పదునెనిమిది మాసముల పిమ్మట చూడగా, మొదటి వర్గమువారిలో మాదకద్రవ్యములు క్రొత్తగా మొదలిడుట రెండవ వర్గముకంటె నూటికి 46 వంతులును, బడి ఎగవేయుట 52 వంతులును తక్కువగా నుండెను.

ఇంతవరకు విని సంతోషింపవలదు. ఆ ఉద్యమమునే 2002లో మరల పరిశీలించినవారు రెండవ సంగతి చెప్పిరి. ఏడాదికి మించి నిలిచిన బంధమువలన పిల్లలకు మేలు కలిగినది. మూడు మాసములలోపలనే విడిచిపోయిన పెద్దలవలన పిల్లలు తమ్ము తాము మునుపటికంటె తక్కువగా తలచుకొనిరి. అనగా, చేయి పట్టుకొని విడుచుట, పట్టుకొననిదానికంటె చెడ్డది. ఈ మాట చదివిననాడు శాలువ కప్పిన మా చేతులను మేము చూచుకొంటిమి.

మరియొక హెచ్చరికయు కలదు. పిల్లవానితో ముందు చెలిమి చేసి, వాని యిష్టాయిష్టములు తెలిసికొన్న పెద్దల బంధము నిలిచినదట. మొదటినాడే వానిని బాగుచేయబూని, ఉపదేశములు ఆరంభించినవారి బంధము చాలవరకు తెగిపోయినదట. ఈ విషయము మనయందు ఉపన్యాసకులకు, బోధకులకు, మామూలుగా మావంటి వృద్ధులకు మిక్కిలి అవసరము.

ఇప్పుడు చర్చిల సంగతికి వత్తుము. మన కులమున చర్చికి పోవువారును, గుడికి పోవువారును, ఒక్క యింటిలోనే, ఒక్క కంచముచుట్టునే యున్నారు. అందుచే ఈ సభయందు చర్చినిగూర్చి మాట్లాడుట పరాయివారినిగూర్చి మాట్లాడుట కాదు. పట్టణమున మన బస్తీలలో పెద్ద గదియు, విద్యుద్దీపములును, కుర్చీలును, నీటి వసతియు గల కట్టడము ఏది యని చూడగా, పెక్కుచోట్ల అది చర్చియే. ఆదివారము అది కిటకిటలాడును. తక్కిన దినములందు సాయంకాలము దాని తలుపునకు తాళముండును. ఆ తాళమునకు ఎదుట, వీధిదీపము క్రింద, మన పిల్లలు ఫోనులు పట్టుకొని కూర్చుందురు. ధనము పెట్టి యాడు ఫోను ఆటలను 2025లో కేంద్రప్రభుత్వము చట్టముచే నిషేధించినది, నిజమే. కాని వీధినుండి పిల్లను లేపి పంపుటకు ఒక చోటు లేనిదే నిషేధము సగము పనియే చేయును.

చర్చి తలుపు బయటికి తెరచుకొన్న కథ యొకటి చెప్పెదము. అమెరికాలోని బోస్టను నగరమున 1990లో 152 హత్యలు జరిగినవి. చంపినవారును చచ్చినవారును పెక్కుమంది పడుచువారు. 1992 మే మాసమున ఒక చర్చిలో ఒక యువకుని భూస్థాపన కూటము జరుగుచుండగా, ముఠావారు లోపలికే చొరబడి మరియొక యువకుని పొడిచిరి. అప్పుడు కొందరు పాస్టర్లకు బుద్ధి కలిగినది. "మనము వీధిలోనికి పోకుంటిమి గనుక వీధి మన లోపలికి వచ్చినది" అన్న భావము వారికి పుట్టినది. వారు శుక్రవారము రాత్రులందు పదిగంటలు మొదలు నడిరాత్రి దాటువరకు ఆ వీధులలో నడువసాగిరి. మొదట వారితో ఎవ్వరును మాట్లాడలేదు. వానలోను చలిలోను మరల మరల వచ్చుచున్నారని చూచిన మీదట పిల్లలే మాటలు కలిపిరి. 1999 నాటికి హత్యలు 31కి దిగినవి. ఇది పాస్టర్లవలననే జరిగినదనుట అసత్యము. పోలీసులు తమ పద్ధతి మార్చుకొనిరి. పిల్లలకు పనులు చూపినవారును ఉండిరి. తరువాతి యేండ్లలో హత్యలు మరల కొంత పెరిగినవి గూడ. కాని మరల మరల కనబడుటయే నమ్మకమునకు మూలమని ఆ నడక నేర్పినది.

అంత దూరమేల? మన పెద్దలు చేసినదేమి? భాగ్యరెడ్డివర్మగారు 1906లో హైదరాబాదునందు జగన్మిత్రమండలిని స్థాపించి, హరికథలతోను భజనలతోను బస్తీ బస్తీకి పోయిరి. మన పిల్లలకు పాఠశాలలు నడపిరి. 1917లో బెజవాడ సభకు అధ్యక్షులైన నాటికి ఆయన వెనుక పదేండ్ల బస్తీ తిరుగుడు ఉన్నది. సభ ముందు కాదు, తిరుగుడు ముందు. అట్లే మిషను బోర్డింగులలో మన తాతలు, తల్లులు ఎందరో అన్నము తిని అక్షరము నేర్చిరి. ఆ బోర్డింగులలో కఠినత్వముండెను, కొరతలుండెను. కాని భోజనమువేళ పిల్లలను లెక్కపెట్టెడివారు. ఎవరు తక్కువైనను ఆ పూటకే తెలిసెడిది. నేడు మనకు సభలు, సంచికలు, శాలువలు మిగిలినవి. లెక్కపెట్టువారు తగ్గిరి.

కావున మేము మీ యెదుట పెట్టు కార్యక్రమము పెద్దది కాదు.

మొదటిది. ప్రతి చర్చియు, సంఘభవనమును, సాధ్యమైనచోట గుడి మండపమును, వారమునకు అయిదు సాయంకాలములు ఆరుగంటలు మొదలు తొమ్మిదింటివరకు పిల్లలకు తెరచి యుంచవలెను. దీపము, ఫంకా, త్రాగునీరు, గుప్పెడు శనగలు, ఇంతే. అక్కడ చదువుకొందురు, కేరములాడుదురు, ఊరక కూర్చుందురు. బోధ వినుటయే ప్రవేశరుసుముగా పెట్టరాదు. వచ్చిన పిల్ల యే కులము, ఏ మతము అని అడుగరాదు. ఇది కులసంఘపు వేదిక యని మరచి యీ మాట యనలేదు. మనలను గడపదగ్గర ప్రశ్నించిన లోకమును ఎరిగినవారము గనుకనే యనుచున్నాము.

రెండవది. మనలో పూనుకొన్న ప్రతివారును ఒక్క పిల్లనే తీసికొనవలెను. పదిమందిని వలదు. వారమునకు ఒకమారు కలిసికొనవలెను, ఏడాది విడువరాదు. విడువవలసివచ్చిన ముందుగా చెప్పి, మరియొకరికి అప్పగించి విడువవలెను. మూడు మాసములే చేయగలవారు కుర్చీలు సర్దుడు, శనగలు ఉడికింపుడు, ఫీజులు కట్టుడు. చేయి మాత్రము పట్టుకొనకుడు.

మూడవది. పిల్లల రక్షణ. మంచివారి వేషమున చెడ్డవారు వత్తురు. చర్చికిని వత్తురు, సంఘమునకును వత్తురు. కాబట్టి మూసిన తలుపు వెనుక ఏ పెద్దయు పిల్లతో ఒంటరిగా నుండరాదు. ఎప్పుడును ఇరువురు పెద్దలుండవలెను. ఆడపిల్లలకు ఆడువారే తోడుండవలెను. పిల్లలపై అత్యాచారము జరిగినదని తెలిసినవాడు పోలీసులకు తెలుపకుండుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము నేరము. "చర్చి పరువు", "కులము పరువు" అని దాచుట బిడ్డను రెండవమారు గాయపరచుట.

నాలుగవది. ఫలితములు వెలువడు దినము. ఆ దినము ఎవరు మొదటివారని వెదకుట మానుదము. ఎవరు తప్పిరో కనుగొని, ఆ సాయంకాలమే వారి యిండ్లకు పోవుదము. సప్లిమెంటరీ పరీక్ష కలదనియు, ఓపెన్ స్కూలు కలదనియు, పదవ తరగతితోనే ఐటిఐకిని, పాలిటెక్నికునకును మార్గమున్నదనియు కాగితము చేతిలో పెట్టి చెప్పుదము. తల్లిదండ్రులకు ఒక్కటే మనవి. ఆ పూట ఎదురింటి పిల్ల మార్కులు ఎత్తకుడు. అప్పుచేసి కట్టిన ఫీజు మాట ఎత్తకుడు. అన్నము పెట్టి, ప్రక్కన కూర్చుండుడు.

అయిదవది. బిడ్డ "బ్రతుకబుద్ధి కాకున్నది" అన్నను, అట్లు అనిపించు తీరున నడచుకొన్నను, గద్దింపకుడు, నవ్వకుడు, పాపమని భయపెట్టకుడు. చావవలెనని యనుకొనుచున్నావా యని నెమ్మదిగా, నేరుగానే అడుగుడు. అడుగుటవలన ఆ తలంపు పుట్టదు; లోపలనున్నది బయటికి వచ్చును. ఒంటరిగా విడువకుడు. ప్రమాదకరమైన వస్తువులను దూరముంచుడు. వైద్యునివద్దకు తోడుగా పోవుడు. 14416 అను టెలీమానస్ సంఖ్యకు ఏ వేళనైనను, తెలుగులోనే, ఖర్చులేక మాట్లాడవచ్చును. బాలలకు ఆపద కలిగిన 1098 కలదు. ప్రార్థన చేయువారు చేయుడు. కాని ప్రార్థన చేసి వైద్యుని మానుటయు, వైద్యునికి అప్పగించి మనము తప్పుకొనుటయు, రెండును తగవు.

మాకు తీరిక లేదు, చదువు లేదు, మా మాట ఈ కాలపు పిల్లలు వినరు, అని కొందరు అనవచ్చును. చదువులేని తాత సంగతి ముందే చెప్పితిమి. తీరిక మాటకు, ఈ రెండుదినముల మహాసభకై మనమెంత తీరిక చేసికొంటిమో తలచుకొనుడు. ఇక పిల్లలు వినరనుట. వారు వినుటకు ముందు మనము వినవలెను. ఆ బాలుని గడపలో మేము గంటసేపు మాట్లాడక కూర్చుంటిమి. మా జీవితమున అంతసేపు ఉపన్యాసము చెప్పక యుండుట అదే మొదలు. అప్పుడు గాని వాడు నోరు విప్పలేదు.

ఆ బాలుడిప్పుడెట్లున్నాడని మీకు తెలియగోరిక యుండును. పోయిన రెండు పరీక్షలలో ఒకదానిని గట్టెక్కినాడు. రెండవది మరల తప్పినది. ఆదివారములు, సెలవులు తప్ప పగలు పని మానలేదు. ఇంటి అద్దె వానిమీదనే సగమున్నది. సాయంకాలము రెండుగంటలు చర్చి వెనుకగదిలో చదువును. మొన్న గురువారము మేము జ్వరముచే పోలేకపోతిమి. రాత్రి ఎనిమిదింటికి మా ఫోను మ్రోగినది. "సార్, ఇయ్యాల రాలేదేంది?" అని వాడు అడిగెను.

వచ్చే యేటి సంచికలో వాని బొమ్మ ఉండునో లేదో మేము చెప్పజాలము. దానికై మేము పోవుటలేదు.

ద్వారమువద్ద ఒక బల్లమీద తెల్లకాగితములు, కలములు పెట్టియున్నవి. భోజనమునకు లేచునపుడు, మీ వీధిలోనో, మీ చర్చిలోనో, మీ బంధువులలోనో, కొన్నాళ్లుగా కనబడని ఒక బిడ్డ పేరు తలచుకొని, ఆ కాగితముమీద వ్రాసికొని, జేబులో పెట్టుకొని పొండు. మాకు ఇయ్యనక్కరలేదు. రేపు ఊరు చేరినవెంటనే పోయి, ఏమి రాలేదని అడుగుడు.